జనుము, గోగు, గంజాయి

జమ్‌షెడ్‌పూరు ఉక్కు పట్టణము. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలియు తావున పూర్వము సాక్చి అను చిన్న గ్రామముండెడిది. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడినది. 1912లో ఇచ్చట తొలి ఉక్కు తయారైనది. 1919లో వైస్రాయి చెమ్సుఫర్డు ఈ ఊరికి జమ్‌షెడ్‌జీ టాటా పేరు పెట్టినాడు. ఇటువంటి ఊరిలో నార మాట ఎత్తుట వింతగా తోచవచ్చును. కాని ఉక్కు పట్టణమునకును బియ్యము గోనెసంచిలోనే వచ్చినది. కొలిమివద్ద పనిచేసి అలసిన కూలివాడును నులకమంచముమీదనే నడుము వాల్చినాడు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు తమ వెంట గోంగూర రుచిని తెచ్చుకొన్నవి. ఈ ప్రాంతపు ఆదివాసుల ఇండ్లలో కుద్రుమ్ అనుపేర ఎర్రని పుల్లని పచ్చడి నూరుదురు. ఆ మొక్క మన గోంగూరకు దూరపు చుట్టము కాదు, ఒక ఇంటి పిల్లయే.

తెలుగును హిందీని రెండింటిని ఎరిగిన వారికి ఇచ్చటి అంగడిలో ఒక చిక్కు ఎదురగును. హిందీలో సన్ అని ఒక మాట, సనయీ అని ఒకటి, పట్‌సన్ అని మరియొకటి, అంబాడీ అని ఇంకొకటి, భాంగ్ అని వేరొకటి ఉన్నవి. వీనికి తెలుగున సరియైన మాటలేవి? సన్, సనయీ అనునవి జనుము. అంబాడీ గోగు. పట్‌సన్ ఒకచోట గోగు, ఒకచోట బంగాళపు జూటు. ఆ జూటును మనము జనపనార అందుము. నిజమునకు దానికిని జనుమునకును వృక్షశాస్త్రరీత్యా ఏ బంధుత్వమును లేదు. ఇంగ్లీషువారు ఈ చిక్కును మరింత పెంచినారు. వారి హెంపు అను మాట మొదట గంజాయి మొక్కకు, అనగా కన్నాబిస్ సతైవాకు, పేరు. ఆ మాటనే వారు ప్రపంచమున తమకు కనబడిన ప్రతి గట్టి నారకును తగిలించినారు. జనుము మదరాసు హెంపు, బొంబాయి హెంపు అయినది. గోగు దక్కను హెంపు అయినది. ఫిలిప్పైన్సు దీవులలో అరటిజాతి చెట్టునుండి తీయు నార మనీలా హెంపు అయినది. పేర్ల తగవు పండితుల వినోదమని త్రోసివేయవచ్చును. కాని ఈ పేర్లవెంట వర్తకము నడచినది, శాసనము నడచినది, చివరకు మనుష్యుల జీవనము కూడ నడచినది.

సంస్కృత వాఙ్మయమున శణము, భంగము అని రెండు మాటలు తొలినాళ్లనుండి వేరువేరుగా కనబడుచున్నవి. అథర్వవేదమున రెండును కలవు. ఒకచోట రోగములనుండి కాపాడు తాయెత్తుతో పాటు శణము ప్రస్తావింపబడినది. మరియొకచోట సోముడు రాజుగాగల ఓషధులలో భంగము చేర్చబడి, మమ్ము బాధనుండి విడిపింపుడని ప్రార్థింపబడినది. మనుస్మృతి బ్రాహ్మణునకు ప్రత్తితోను, క్షత్రియునకు శణముతోను, వైశ్యునకు గొఱ్ఱెవెండ్రుకలతోను యజ్ఞోపవీతము విధించినది. ఈ శణము జనుమా, గంజాయి నారయా అను చర్చ పండితులలో జరిగినది. జనుమే అనువారు ఎక్కువ. తెలుగు జనుము శణ శబ్దమునకు తోబుట్టువువలెనే వినబడును.

వీనియన్నిటికంటె విలువైన సాక్ష్యము పాణిని వ్యాకరణమున ఉన్నది. ఏ పైరు పండు పొలమును ఏ ప్రత్యయముతో పిలువవలెనో చెప్పుచు ఆయన నువ్వులు, మినుములు, అవిసె, సన్నధాన్యముల సరసనే భంగమును కూడ పేర్కొన్నాడు. వైయాకరణునకు మొక్క గుణదోషములతో పనిలేదు. జనులు వాడు మాటతోనే పని. భంగము పండు పొలమునకు ప్రత్యేకముగా ఒక మాట కావలసివచ్చినదనగా, ఆనాటి వాయవ్య భారతమున అది అడవి మొక్క కాదు, దున్ని విత్తిన పైరు. నువ్వులు మినుములతో పాటు విత్తిన దానిని మత్తుకొరకే విత్తిరనుకొనుటకు ఆధారము లేదు. నారయో, గింజలయో, రెండునో అయి ఉండవలెను. నేటికిని కుమావూ, గఢ్వాల్ కొండలలో ఆ గింజలను వేయించి నూరి పచ్చడి చేయుదురు. కాడనారతో భంగేలా అను ముతక వస్త్రము నేయుట అచ్చటి పాత వృత్తి.

నార కథ ఒక్క మనదేశమునకే చెందినది కాదు. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు థ్రేసు దేశస్థులు ఈ నారతో అవిసెనార బట్టలకు తీసిపోని వస్త్రములు నేయుదురని వ్రాసినాడు. సిథియనులు దాని గింజలను కాలిన రాళ్లపై వేసి ఆ పొగలో ఆనందమున కేకలు వేయుదురనియు ఆయనయే వ్రాసినాడు. ఒకే గ్రంథమున, ఒకే మొక్కకు, రెండు ముఖములు. చీనాదేశమున క్రీస్తుశకము 105లో త్సాయ్ లున్ చక్రవర్తికి సమర్పించిన కాగితమున చెట్టుబెరడు, చింకిబట్టలు, పాతవలలతో పాటు ఈ నారయు కలిసినది. చిత్రకారులు బొమ్మవ్రాయు కాన్వాసు గుడ్డ పేరు కూడ కన్నాబిస్ మాటనుండియే పుట్టినది.

తెలుగుదేశమున నార అనగానే రైతునకు స్ఫురించునది జనుము. పసుపుపచ్చని పూలతో నిలువెత్తు పెరుగు ఈ పైరు చిక్కుడు కుటుంబమునకు చెందినది. వేళ్లపై బొడిపెలు గట్టి గాలిలోని నత్రజనిని భూమికి చేర్చును. అందుచేత కృష్ణా గోదావరి మండలములలో దీనిని పశువుల మేతకును, పూతకు వచ్చునప్పటికి మడిలోనే కలియదున్ని పచ్చిరొట్ట ఎరువుగాను వాడుట ఆచారము. కాడ ముదరనిచ్చినచో నార. ఆ నారతో పేనినవే ఎద్దుల పగ్గములు, పలుపులు, తలుగులు, బావి చాంతాళ్లు, పాలకుండల ఉట్లు, బెస్తవారి వలలు. ఒక రైతు ఇంట ఉదయమునుండి రాత్రివరకు చేతికి తగులు త్రాళ్లన్నిటిని లెక్కించినచో, ఆ ఇల్లు సగము ఈ నారతోనే కట్టబడి ఉన్నదని తోచును. దీనిలో మత్తు లేశమైనను లేదు.

గోగు మరియొక తీరుది. లేత ఆకు వంటింటికి, ముదిరిన కాడ చెరువునకు. దీని శాస్త్రనామము హైబిస్కస్ కన్నాబినస్. ఆకు వ్రేళ్లువ్రేళ్లుగా చీలి గంజాయి ఆకును తలపించుటచేత లిన్నేయసు దానికి ఆ విశేషణము తగిలించినాడు. పుల్లని కూరలో మత్తు లేకపోయినను పేరులో ఆ వాసన తగులుకొన్నది. పూత మొదలైన తరుణమున కాడలను కోసి, కట్టలు కట్టి, ఆకు రాలువరకు చేనిలోనే నిలిపి, తరువాత చెరువునీటిలో ముంచి పైన బరువు పెట్టుదురు. రెండు వారములు, నీరు చల్లనైనచో ఇంకను ఎక్కువ రోజులు, ఊరిన పిదప బెరడు మెత్తబడును. మొలలోతు నీటిలో నిలిచి ఒక్కొక్క కాడనే ఒలిచి, నారను ఉతికి, దండెములపై ఆరవేయుదురు. ఆ నీటి కంపు భరించుట కష్టము, చేపలు చచ్చును, పనివారి చేతులు కాళ్లు పాచిపోవును. రోజులు తక్కువైనచో నార బిరుసుగా నుండును, ఎక్కువైనచో పుల్లిపోవును. దినము గుర్తించుట అనుభవజ్ఞుని వేళ్లకే తెలియును.

ఇక గంజాయి. తెలుగు రైతు దీనిని నారకై పెంచిన వాడుక కానరాదు. బైరాగుల చిలుములోను, వైద్యుల లేహ్యములోను, గంజాయి వనములో తులసి మొక్క అను సామెతలోను మాత్రమే అది మనకు పరిచయము. మన భాషలో ఆ మొక్కకు గల పేరే మత్తు పేరు. శార్ఙ్గధరసంహిత, భావప్రకాశము మొదలైన వైద్యగ్రంథములు దానిని భంగ, విజయ అని పిలిచి ఆకలి పుట్టించుటకును, అతిసారము కట్టుటకును, నిద్రకును ఉపయోగించినవి. అతిగా వాడినచో కలుగు చెడుగును కూడ దాచలేదు.

వర్తకపు నావలతో ఈ కథ క్రొత్త మలుపు తిరిగినది. తెరచాపల కాలమున ఒక యుద్ధనౌకకు త్రాళ్లు, తెరచాపలు, పలకల సందులు పూడ్చు నార అన్నియు హెంపుతోనే. ఇంగ్లండునకు ఆ సరకు ఎక్కువగా రష్యానుండి రావలసి ఉండెను. నెపోలియనుతో యుద్ధములు వచ్చి ఆ దారికి ముప్పు కలుగగానే ఈస్టిండియా కంపెనీ భారతదేశపు నారలపై దృష్టి నిలిపినది. ఆ పనిలో ముందు నిలిచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్సుబరో. 1793లో కలకత్తా తోటకు అధికారియై వెళ్లుటకు పూర్వము ఆయన మన సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, తెలుగుదేశపు వృక్షసంపదను బొమ్మలు వ్రాయించినవాడు. కలకత్తాలో జనుము, గోగు, జూటు మొదలైన నారలను త్రాళ్లుగా పేనించి, బరువులు వ్రేలాడదీసి, ఏది ఎంతకు తెగునో పరీక్షించి వ్రాసియుంచినాడు. ఆయన గ్రంథములలో మొక్కల తెలుగు పేర్లు చోటుచేసికొన్నవి. ఈ చరిత్రలో ఆయన చేసిన పనికి తగిన గుర్తింపు రాలేదనవలెను.

1853లో క్రిమియా యుద్ధము రష్యా నారను మరల అడ్డగించినది. ఈసారి లాభము బంగాళపు జూటుకు దక్కినది. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో తొలి జూటు మిల్లు వెలసినది. ఆ వెనుక మన గోగు కూడ కడలి దాటినది. ఉత్తరాంధ్రపు గోగునార ఓడలకెక్కిన రేవు భీమునిపట్టణము. ఒకప్పుడు డచ్చివారి వర్తకస్థానము. పొలమున గోగుగా పుట్టిన నార రేవు దాటునప్పటికి బిమ్లిపటం జూటు అను పేరు ధరించినది. అది జూటు కాదు, హెంపును కాదు. ఐనను ప్రపంచ వర్తకములో దాని ఊరు పేరే దాని పేరై నిలిచినది. భీమునిపట్టణమునకు చేరువనే గోస్తనీతీరమున చిట్టివలసలో ఒకటి, చంపావతీతీరమున నెల్లిమర్లలో ఒకటి, జూటు మిల్లులు లేచినవి. 1947లో దేశవిభజన జరిగి జూటు పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానునకు, మిల్లులు భారతదేశమునకు చెందినప్పుడు, మిల్లుల కొరత తీర్చుటకు గోగుసాగు విస్తరించినది. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనాస్థానము మంచి గోగు రకములను తీర్చుటయందు చాలకాలము శ్రమించినది.

నార ఈ దారిన పోవుచుండగా, అసలు గంజాయి మొక్క కలకత్తాలోనే వేరొక దారి పట్టినది. 1839లో కలకత్తా వైద్యకళాశాల ఆచార్యుడు, ఐర్లండువాడైన డాక్టరు ఓషానెసీ, ఈ మొక్క సారమును మొదట జంతువులకును తరువాత రోగులకును ఇచ్చి తన ఫలితములను ప్రకటించినాడు. ధనుర్వాతమున, కీళ్లవాతమున, మూర్ఛలు వచ్చు పసిబిడ్డయందు గుణము కనబడినదని ఆయన చెప్పినాడు. ఆయన హకీములను, పండితులను అడిగి, వారి గ్రంథములను చదివించుకొని, ఆ పిమ్మట పరీక్షకు దిగుట గమనింపదగినది. ఆయనయే తరువాత ఈ దేశమున తంతితపాలా తీగెలు వేయించినవాడు.

అర్ధశతాబ్ది గడచిన పిదప, 1893లో, బ్రిటిషు పార్లమెంటులో వచ్చిన ప్రశ్న ఫలితముగా భారతప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించినది. మాక్వర్తు యంగు అధ్యక్షుడు. సభ్యులలో ముగ్గురు భారతీయులు. 1193 మంది సాక్షుల మాటలు విని, పిచ్చాసుపత్రుల లెక్కలను ఒక్కొక్కటిగా తరచిచూచి, 1894లో సంఘము ఏడు సంపుటముల నివేదిక వెలువరించినది. మితముగా వాడినవారియందు చెప్పుకోదగిన కీడు లేదనియు, సంపూర్ణనిషేధము అవసరమును కాదు, ఉచితమును కాదనియు, పన్ను వేసి అదుపులో ఉంచుటయే మేలనియు తేల్చినది. భారతీయ సభ్యులలో ఇద్దరు అధికసంఖ్యాకుల అభిప్రాయముతో ఏకీభవింపక వేరుగా వ్రాసినారు. పన్ను రాబడి ఖజానాకు తీపియే అను సంగతి కూడ మరువరాదు. ఐనను ఇంత ఓపికగా సాక్ష్యము సేకరించిన విచారణ ఈ విషయమున అంతకుముందు జరుగలేదు.

సాహిత్యప్రియులు ఆ నివేదికలో చదువవలసిన భాగము ఒకటి కలదు. సంస్కృత, హిందీ వాఙ్మయములలో ఈ మొక్క ప్రస్తావనలను గూర్చి జార్జి గ్రియర్సను వ్రాసియిచ్చిన వ్యాసమది. భారతీయ భాషల బృహత్పరిశీలనతో తరువాత ప్రసిద్ధికెక్కినవాడు ఈయనయే. అథర్వవేదము, పాణిని, వైద్యనిఘంటువుల సరసన ఆయన మిథిలా కవి జ్యోతిరీశ్వరుని ధూర్తసమాగమమను ప్రహసనమును కూడ సాక్ష్యమునకు పిలిచినాడు. అందు ఇద్దరు శైవభిక్షువులు తగవుపడి న్యాయాధికారివద్దకు వత్తురు. ఆయన ముందు రుసుము పెట్టుడనును. వారివద్ద రొక్కము లేదు, గంజాయి మాత్రము ఉన్నది. అధికారి దానిని గంభీరముగా పుచ్చుకొని వాసన చూచి, గాంభీర్యము జారవిడిచి, కొంచెము రుచి చూచి, దాని గుణములను పొగడును. జ్యోతిరీశ్వరుడు 14వ శతాబ్దివాడని నేటి పండితుల మతము. గ్రియర్సను కొంత ఇటీవలివానిగా భావించినాడు. పన్నులు, నేరములు, రోగములు లెక్కించు ప్రభుత్వపత్రములో ఒక హాస్యనాటకము సాక్షిగా నిలుచుట అరుదు.

ఆ నివేదికయే నౌగావ్ పొలములను కూడ వర్ణించినది. రాజషాహీ జిల్లాలోని ఆ ప్రాంతమున ప్రభుత్వపు అనుమతితో గంజాయి పండెడిది. ఈ మొక్కలో ఆడ మగ వేరు. మగపూల పుప్పొడి తగిలి ఆడమొక్క గింజ కట్టినచో గంజాయి నాసి అగును. కావున పోద్దార్ అను నిపుణుడు వరుసవెంట వరుస నడచి మగమొక్కలను పెరికివేయుచుండెను. నారపంటలో ఇది తలక్రిందులు. అచ్చట ఆడమగ భేదము లేక ఒత్తుగా చల్లుదురు. కాడలు కొమ్మలు వేయక సన్నగా, పొడవుగా లేచును. పూత ముదరక మునుపే కోయుదురు. అనగా గంజాయి చేను, నార చేను దూరమునుండి చూచినను వేరుగానే కనబడును. ఈ వ్యవసాయజ్ఞానము శాసనకర్తల చేతికి అందినట్లు తోచదు.

1961 నాటి అంతర్జాతీయ ఒప్పందము నారకును గింజకును పెంచు మొక్కను తన కట్టడినుండి మినహాయించినది. 1985 నాటి భారతశాసనము పూతతో కూడిన కొనలను గంజాయి అని నిర్వచించి, కొనలు లేని ఆకును గింజను విడిచిపెట్టినది. నారకై సాగునకు ప్రభుత్వము అనుమతింపవచ్చునని 14వ విభాగమున చెప్పినది. కాగితముపై మార్గము ఉన్నది. నడచినవారు మాత్రము 33 సంవత్సరములవరకు కనబడలేదు. 2018లో ఉత్తరాఖండము, మత్తుపదార్థము నూటికి 0.3 మించని రకములను నారకై పెంచుటకు తొలుత అనుమతించినది. 2021లో ఆ గింజ, గింజనూనె, పిండి ఆహారపదార్థములుగా అంగీకరింపబడినవి. అంతకు ఒక ఏడు ముందు, 2020 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి సంఘము ఈ మొక్కను అత్యంత ప్రమాదకర ద్రవ్యముల పట్టికనుండి తీసివేయుటకు 27 వోట్లతో నిశ్చయించినది, వ్యతిరేకించినవారు 25. భారతదేశము తీసివేయుటకే వోటు వేసినది.

మన విశాఖ మన్యమున కథ ఇందుకు విరుద్ధముగా నడచినది. అచ్చట నార పేరు ఎత్తినవారు లేరు. బయటి వర్తకులు ముందుగా సొమ్ము ఇచ్చి, కొండవాలు పొలములలో గంజాయి వేయించినారు. ఆ రకమునకు శీలావతి అని పేరు. ఒక పతివ్రత పేరు దానికి ఎవరు పెట్టిరో గాని, పెట్టినవాని హాస్యము చేదైనది. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు పరివర్తన అనుపేర వేల ఎకరముల పైరును నరికి కాల్చినారు. పట్టుబడిన సరకు 20 కిలోలు మించినచో శిక్ష 10 సంవత్సరములకు తగ్గదు. ఆ మూటలు మోసి పట్టుబడువారిలో కూలికి కుదిరిన మన్యపు పిల్లలు ఎందరో. సొమ్ము పెట్టినవాడు చాలమార్లు దూరముననే ఉండును. ఒకే మొక్క, ఒకే శాసనము. హిమాలయపు కొండమీద అది పరిశ్రమ, తూర్పుకనుమలమీద అది చెరసాల. రకము వేరు, ఉద్దేశము వేరు అనుట నిజమే. కాని హిమాలయపు రైతునకు ఆ మొక్కకు మరియొక పేరు, మరియొక పని జ్ఞాపకమున్నవి. మన్యపు రైతునకు ఎవరును చెప్పలేదు.

క్రొత్త ఉపయోగములనబడు వానిలో కొన్ని మిక్కిలి పాతవి. నార తీయగా మిగిలిన కాడముక్కలను సున్నముతో కలిపి పోత పోసి గోడలు కట్టు పద్ధతి ఐరోపాలో ఇటీవల వ్యాపించినది. ఆ గోడ తేలిక, వేడిని చలిని ఆపును, తేమను పీల్చి విడుచును. 2016లో ఎల్లోరా గుహల గారను పరీక్షించిన శాస్త్రజ్ఞులు మట్టి, సున్నములలో ఈ మొక్క ముక్కలు కలిసియుండుట కనుగొన్నారు. దాదాపు 1500 సంవత్సరములుగా పురుగుపట్టక ఆ గార నిలుచుటకు అదియొక కారణమని వారి అభిప్రాయము. వైద్యమునందును ఇట్లే. ఇజ్రాయెలులో 1964లో మెషులాము, గవోనీ మత్తుకలిగించు పదార్థమును శుద్ధరూపమున వేరుచేసినారు. మత్తులేని కన్నాబిడయోల్ అను మరియొక పదార్థముతో చేసిన మందును, పసివయసున వచ్చు రెండు తీవ్రమైన మూర్ఛరోగములకు, 2018లో అమెరికాలో అంగీకరించినారు. ఓషానెసీ కలకత్తాలో పసిబిడ్డ మూర్ఛకు ఈ మొక్క సారమునే వాడినాడు. పరీక్షలు నిశితమైనవి, మోతాదు నిశ్చితమైనది. రోగము మాత్రము అదియే.

జమ్‌షెడ్‌పూరులో 1945లో రైలింజనులకై స్థాపింపబడిన టెల్కో, 1954నుండి జర్మనీవారి సహకారముతో లారీలు చేసినది. ఆ జర్మనీలోనే నేడు మోటారుబండ్ల తలుపుల లోపలి పలకలకు హెంపు, గోగుజాతి నారలను అచ్చువేసి వాడుచున్నారు. బరువు తగ్గును, గాజునారవలె చేతిని కోయదు. ఇనుమునకు నార ప్రత్యర్థి కాదు. దానికి లోపలి అస్తరు వంటిది.

గోగుకు మాత్రము మంచిరోజులు నిలువలేదు. ధాన్యమును చక్కెరను జూటు సంచులలో నింపవలెనని 1987లో ఒక శాసనము వచ్చినను, ప్లాస్టికు సంచి ధరముందు గోనె నిలువలేకపోయినది. పచ్చి నార నానవేయుటకు చెరువులో నీరు చాలదు, మొలలోతు నీటిలో నిలుచుటకు కూలి దొరకడు, దొరకినను నార ధర కూలికి చాలదు. రైతు మొక్కజొన్నకు మరలినాడు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. వేలాది కార్మికుల కుటుంబములు చెదరినవి. గోస్తనీ ఒడ్డున ఆ మిల్లు మూతపడిననాటికి, అది వాడిన నారకు ప్రపంచమంతట తన పేరిచ్చిన భీమునిపట్టణపు రేవున సరకుల ఓడలు ఆగుట మాని చాలకాలమైనది. ఉత్తరాంధ్రపు చేలలో గోగు నేటికిని మొలచుచున్నది; ఎక్కువగా లేత ఆకు దశలోనే కోసి, కట్టలుగా కట్టి, కూరగాయల అంగడికి పంపుచున్నారు.